డాక్టర్ సలహా: గోడకు అతికించిన హ్యాండిల్‌ని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లి రెండుసార్లు పడబోయింది. గోడకు అతుక్కునే వాక్యూమ్ హ్యాండిల్, కమోడ్ మీద పెట్టే ఎత్తు సీటు, స్నానానికి కుర్చీ తెప్పించాం. ఇవి సరిపోతాయా?

జవాబు: మీరు తెప్పించిన వాటిలో నాకు టెన్షన్ పెట్టేది ఆ హ్యాండిలే. టైల్స్ సందుల్లోంచి గాలి చొరబడితే దాని పట్టు మెల్లగా వదులైపోతుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, మనిషి బరువంతా పడ్డాక ఊడొస్తుంది. టవల్ రాడ్ కూడా అంతే, అది మనిషిని ఆపడానికి చేసింది కాదు. గోడకు డ్రిల్ చేసి, స్క్రూలతో బిగించే గ్రాబ్ బార్ (పట్టుకునే కడ్డీ) పెట్టించండి. సాధారణంగా నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తు చెబుతారు. కానీ ముందు అమ్మను కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎటు వెళ్తుందో చూసి గుర్తు పెట్టుకోండి. ఒక చెయ్యి బలహీనంగా ఉంటే బలమున్న చేతి వైపే బిగించాలి.

ఎత్తు సీటు మోకాళ్లకు మంచిదే. అలాగని మరీ ఎత్తు వద్దు. కూర్చున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి, లేకపోతే ముందుకు జారతారు. వాడేకొద్దీ సీటును కమోడ్‌కు పట్టి ఉంచే క్లాంపులు వదులవుతాయి, వారానికోసారి కదిపి చూడండి.

స్నానం కుర్చీకి నాలుగు కాళ్లూ ఒకే ఎత్తులో ఉండాలి, అడుగున రబ్బరు బుష్‌లు అరిగితే మార్చేయాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ వాడొద్దు, తడి నేల మీద దాని కాళ్లు పక్కకు జారిపోతాయి.

నడుస్తూనే కాదు, కూర్చోబోయి, లేవబోయి కూడా చాలామంది పడతారు. వెనక్కి అడుగులేస్తూ సీటు కాళ్లకు తగిలాకే, చెయ్యి వెనక్కి పెట్టి హ్యాండ్ రెస్ట్ పట్టుకుని కూర్చోమనండి. అమ్మ వాకర్ వాడుతుంటే, లేచేటప్పుడు దాన్ని లాగితే అది మీదకే ఒరుగుతుంది. కుర్చీ చేతులనే కిందికి నొక్కి లేవాలి. పగటి పూట మీరు పక్కనుండి నాలుగైదు రోజులు ప్రాక్టీస్ చేయించండి.

ఇంతకీ ఆ రెండుసార్లు ఏమైంది? కాలు జారిందా, మోకాలు పట్టు తప్పిందా, కళ్లు తిరిగాయా? అమ్మనే అడగండి. కళ్లు తిరిగితే బార్లు, కుర్చీలు ఆ సమస్యను తీర్చవు. పడుకుని లేవగానే బీపీ పడిపోతుండొచ్చు, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు కూడా కారణం కావచ్చు. డాక్టరు దగ్గర పడుకున్నప్పుడొకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించండి. మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. రాత్రి లేచాక మంచం అంచున ఓ నిమిషం కూర్చునే కదలాలి. దారిలో చిన్న లైటు వెలుగుతుండాలి. బాత్‌రూమ్ తలుపు లోపల గడియ వేసుకోవద్దని చెప్పండి.

ఒకవేళ పడితే కంగారుగా చేతులు పట్టి లేపొద్దు. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, కాలు పొట్టిగా లేదా పక్కకు తిరిగినట్టు కనిపించినా కదపకుండా అంబులెన్స్ పిలవండి. రక్తం పలచబడే మందులు వాడుతుండగా తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానని ఆమె అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.