బంగారం మీద లోను తీసుకుని పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర. నేను ప్రైవేటు ఆస్పత్రిలో నర్సును, వయసు 51. మావారికి 57, ప్రైవేటు స్కూల్లో టీచరు, షుగర్ ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు 62 వేలు వస్తుంది, ఖర్చులు పోను 17 వేలు మిగులుతోంది. 4 లక్షల ఎఫ్‌డీ, కొంత బంగారం ఉన్నాయి. అయిదు నెలల్లో మా సంఘం వాళ్లు జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు యాత్రకు వెళ్తున్నారు. మనిషికి లక్షా 60 వేలు. అందులో మూడు రోజులు ఇజ్రాయెల్‌లో మిషన్ పరిచర్య, దానికి విడిగా మనిషికి 25 వేలు కానుక. బంగారం మీద 3 లక్షలు తెచ్చి, మిగతాది ఈలోపు దాచి వెళ్దామనుకుంటున్నాం. మిషన్‌కు కట్టినదానికి పన్ను మినహాయింపు వస్తుందంటున్నారు, నిజమేనా? తిరిగి ఇవ్వని అడ్వాన్స్ 50 వేలు ఈ నెలలోనే కట్టాలట.

జవాబు: వెళ్లండమ్మా, కానీ ఈ బ్యాచ్‌లో వద్దు.

బంగారం లోన్లలో ఎక్కువమంది తీసుకునేది ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ ఒకేసారి కట్టేసే రకం. 10 శాతం వడ్డీ అనుకున్నా మీరు కట్టాల్సింది 3 లక్షల 30 వేలు. యాత్ర నుంచి వచ్చాక నెలనెలా 17 వేలు ఒక్క రూపాయి కదపకుండా దాచినా ఏడాదికి 2 లక్షల 4 వేలే అవుతుంది. మిగతాదానికి లోను మళ్లీ తిరగరాయాలి. మీవారికి ఇంకెన్నేళ్లు జీతం వస్తుందో మీకే తెలుసు. ఎఫ్‌డీ ముట్టుకోకూడదన్న మీ ఆలోచన మాత్రం సరైనదే. ఇద్దరి జీతాలూ ఆగిపోతే ఇల్లు దాదాపు తొమ్మిది నెలలు నడిచేది దానితోనే.

పైగా 3 లక్షల 70 వేలతో ఖర్చు ఆగదు. గైడుకు, డ్రైవర్‌కు రోజుకు ఇన్ని డాలర్లని టిప్పు వసూలు చేస్తారు. జోర్డాన్ వైపు అలెన్‌బీ బ్రిడ్జి దగ్గర, ఈజిప్టు వైపు తాబా దగ్గర సరిహద్దు ఫీజులుంటాయి. అవి ప్యాకేజీలో ఉన్నాయో లేదో అడగండి. బేత్లెహేములో బస్సు తప్పకుండా ఒలీవ చెక్క బొమ్మల షాపు ముందు ఆగుతుంది. అందరూ కొంటుంటే మీరొక్కరే చేతులు కట్టుకుని నిలబడలేరు. ఇద్దరికీ కలిపి మరో 40 వేలు పక్కన పెట్టుకోవాలి.

టూర్ బిల్లులో టీసీఎస్ అని, ముందుగానే వసూలు చేసే పన్ను కొంత పట్టుకుంటారు. ఇది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ అయితే రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది, లేదా వెనక్కి వస్తుంది. చిక్కెక్కడంటే, చాలా సంఘాల్లో అందరి డబ్బూ ఒక్కరి ఖాతాలో పోగు చేసి కంపెనీకి కడతారు. అప్పుడు టీసీఎస్ మొత్తం ఆ ఒక్కరి పాన్ మీదే పడుతుంది, మీకు రూపాయి కూడా రాదు. మీ వంతు డబ్బు మీ ఖాతా నుంచే నేరుగా కంపెనీకి వెళ్లాలి, బిల్లు మీ పేరున ఉండాలి. పాస్టర్ గారి మీద నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక పన్ను మినహాయింపు. యాత్ర టికెట్టు విరాళం కాదు, దానికి ఏ మినహాయింపూ లేదు. 25 వేల కానుకకు రావాలంటే తీసుకునే ట్రస్టుకు 80జి, అంటే విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను తగ్గించే గుర్తింపు ఉండాలి. ఒక మతం వారి కోసమే పెట్టిన సంస్థలకు సాధారణంగా అది దొరకదు. ఉన్నా 2 వేలకు మించి నగదుగా ఇస్తే చెల్లదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. కాబట్టి మినహాయింపును లెక్కలోంచి తీసేయండి.

కానుక ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. కానీ ఆ మూడు రోజులు ఏం చేస్తారో కాగితం మీద అడగండి. యాత్రికులకు ఇచ్చేది బీ/2 టూరిస్ట్ వీసా. వాలంటీరుగా పనిచేయాలంటే బీ/4 వీసా కావాలి. మతం మారడానికి ఆశగా డబ్బుగానీ వస్తువుగానీ ఇవ్వడం ఇజ్రాయెల్‌లో 1977 నుంచి నేరం, అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. అక్కడ ముసలివాళ్లను చూసుకునే పనుల్లో ఉన్న మన తెలుగువాళ్లతో ప్రార్థన కూడిక పెట్టడం వేరు, బట్టలు, డబ్బు కవర్లు పంచుతూ వెళ్లడం వేరు. "తలా కాసిన్ని డాలర్లు పట్టుకు రండి" అంటే ఒప్పుకోకండి. ఇక్కడి నుంచి ఒక ప్రయాణానికి ఒకరు తీసుకెళ్లగలిగే విదేశీ నోట్లు 3 వేల డాలర్ల వరకే. అక్కడి సంఘానికి ఇవ్వాలనుకుంటే బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకోవచ్చు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది "తిరిగి ఇవ్వని అడ్వాన్స్" అన్న మాట. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి తర్వాత ఎన్ని యాత్రలు ఆగిపోయాయో చూశాం. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం మొదలవగానే ఇజ్రాయెల్ గగనతలం మూసేశారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటారు, కానీ చాలా పాలసీల్లో యుద్ధం వల్ల వచ్చే నష్టం కవర్ కాదు. మీవారి షుగర్ సంగతి ప్రపోజల్ ఫారంలో రాయకపోతే ఆస్పత్రి క్లెయిమ్ కూడా తిరగ్గొడతారు. అందుకే ప్రయాణం రద్దయితే ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. వీసా రాకపోతే ఏమిటన్నదీ అందులోనే ఉండాలి. ఇంకో మాట, ఇన్ని టికెట్లు తెస్తే నాయకుడికి ఒకటి ఫ్రీ అనే పద్ధతి ఈ వ్యాపారంలో ఉంది. తప్పేం లేదు, కాకపోతే అందరికీ తెలియాలి.

రాష్ట్ర ప్రభుత్వం జెరూసలేం యాత్రికులకు ఇచ్చే సాయాన్ని 2019లో పెంచింది. ఏడాది ఆదాయం 3 లక్షల లోపున్నవాళ్లకు 60 వేలు, ఆపైన 30 వేలు. మీ ఆదాయానికి రెండోదే. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా, సంఘం టూరుకు వర్తిస్తుందా అని క్రిస్టియన్ మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్‌లో అడగండి. చేతికి వచ్చేదాకా లెక్కలో వేసుకోకండి.

ఈ నెల నుంచే 17 వేలకు రెండేళ్ల ఆర్‌డీ వేయండి. 6 శాతం వడ్డీ వచ్చినా 4 లక్షల 30 వేలు దాటుతుంది. అప్పటికి మీవారికి 59. యాత్ర, కానుక, చేతి ఖర్చు కలిపి 4 లక్షల 10 వేలు. ధరలు కాస్త పెరిగితే మిగతా 20 వేలు ఆదుకుంటాయి, బాగా పెరిగితే మరో రెండు నెలలు ఆగండి. మధ్యలో ఇంటికి అవసరం పడితే ఎఫ్‌డీ ఉంది, ఆర్‌డీ జోలికి పోవద్దు.

50 వేలు ఇంకా కట్టలేదు కాబట్టి ఈ ఆదివారమే పాస్టర్ గారితో చెప్పేయండి, "ఈసారికి మేం రావట్లేదండి, తర్వాతి బ్యాచ్‌లో మా పేర్లు రాసుకోండి" అని.