మూడు రోజుల మైసూరుకు ఆరు నెలల అప్పా?

ప్రశ్న: మాది అనంతపురం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం 26,000, మే నెలలో మాత్రం ఇవ్వరు. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుట్టి నెలకు 6,000 దాకా తెస్తుంది. బైకు కంతుతో కలిపి ఇంటి ఖర్చు 22,000, చీటీ 4,000. బ్యాంకులో 14,000 ఉన్నాయి. దసరాకు పిల్లలతో (తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు) మైసూరు వెళ్లాలని ఉంది. ఒక లోన్ యాప్‌లో 30,000 అప్రూవ్ అయింది. నెలకు రూపాయిన్నర వడ్డీ, ఆరు కంతులు. తీసుకోవచ్చా? లేదంటే 80,000 చీటీ పాడుకోనా, బంగారం కుదవ పెట్టనా?

సమాధానం: మూడూ వద్దు. మైసూరుకు వెళ్లండి, కానీ దసరాకు కాదు, అప్పుతో అసలే కాదు.

అప్పు చేసే ముందు చాలామంది ఒక్కటే చూసుకుంటారు: నెలనెలా కంతు కట్టగలమా, లేదా? ఆ కంతులు నడుస్తుండగా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చూసుకోరు. మీరూ అదే చేస్తున్నారు.

ముందు ఆ రూపాయిన్నర సంగతి. 30,000కు ఆరు నెలల వడ్డీ 2,700. అంటే కంతు 5,450. మీరు ప్రతినెలా అసలు కొంత తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు ఉన్న 30,000 మీదే వేస్తున్నారు. తగ్గే బాకీ మీద లెక్కకడితే అది ఏడాదికి 18 శాతం కాదు, 30 శాతం. ఇక ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం అనుకుందాం. 1,062 ముందే కోసుకుని 28,938 చేతిలో పెడతారు. ఆ లెక్కన నిజంగా పడే వడ్డీ 43 శాతం. అప్పిచ్చేవాళ్లు తప్పనిసరిగా ఇవ్వాల్సిన 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్'లో ఏపీఆర్ (ఫీజులతో సహా ఏడాదికి పడే వడ్డీ శాతం) అనే గడిలో ఈ అంకె ఉంటుంది. 'ఓకే' నొక్కే ముందు చాలామంది చూడనిది కూడా ఆ గడే.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. రాబడి 32,000, ఖర్చూ చీటీ కలిపి 26,000, మిగిలేది 6,000. కంతు పోగా 550. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నలుగురున్న ఇంటికి నెలకు 550 రూపాయల వెసులుబాటు! చిన్నదానికి డెంగీ అని రెండుసార్లు రక్తపరీక్ష రాస్తేనే అది చాలదు. ఒక్క కంతు తప్పినా ఖాతాలో డబ్బు లేదని మీ బ్యాంకు ఒక చార్జీ, అప్పిచ్చినవాళ్లు ఇంకో చార్జీ వేస్తారు. సిబిల్ స్కోరు పడిపోతుంది. ఆ కంతు కట్టడానికి మరో యాప్ తెరుస్తారు. కుటుంబాలు మునిగేది ఈ రెండో యాప్‌తోనే. ఒకవేళ ఏ ఇబ్బందీ లేకుండా ఏప్రిల్‌లో అప్పు తీరిందనుకున్నా, మేలో జీతం లేదు, జూన్‌లో పిల్లల ఫీజులు, పుస్తకాలు. మే నెలలో జీతం రాదని ముందే తెలిసిన మనిషికి అత్యవసర నిధి అందరికన్నా ఎక్కువ అవసరం.

ఇంకో మాట. నెలకు 6,000 మిగులుతుందని లెక్క చెబుతోంది, ఖాతాలో ఉన్నది మాత్రం 14,000. మిగులు ఎటో కరిగిపోతోంది. జీతం పడిన రోజే ఆ 6,000 పక్కకు తీయండి. ఫోన్‌పేకి, గూగుల్‌పేకి కలపని వేరే ఖాతాలో వేయండి, దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోకండి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఐదు నెలలు సగం నిధికి, సగం మైసూరుకు. జనవరికి ప్రయాణానికి 15,000, నిధిలో పాతదానితో కలిపి 29,000. జనవరి జీతం నుంచి మొత్తం 6,000 నిధికే. ఏప్రిల్ చివరికి 53,000. మేలో మీకు తగ్గేది 20,000. అది తీసినా 33,000 ఉంటాయి. అక్కడి నుంచి 1,32,000 దాకా, అంటే ఆరు నెలల ఖర్చు చేరేదాకా, ఆపకండి.

ప్రయాణం సంక్రాంతి సెలవుల మొదట్లో పెట్టుకోండి. అప్పుడు జనం బెంగళూరు నుంచి మనవైపు వస్తుంటారు, మీరు ఎదురు వెళ్తారు. తిరుగు రద్దీ మొదలయ్యేలోపు ఇంట్లో ఉంటారు. దసరాకైతే మైసూరులో గదుల అద్దెలు, ట్రావెల్స్ టికెట్లు రెండూ మండిపోతాయి. ప్యాలెస్ దీపాల కోసం దసరా దాకా ఆగక్కర్లేదు, ప్రతి ఆదివారం సాయంత్రం వెలిగిస్తారు. జూకు మంగళవారం సెలవు. కాబట్టి శని, ఆది, సోమ సరిపోతాయి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే చేసుకోండి. తత్కాల్ దాకా వస్తే ఖర్చు పెరుగుతుంది, కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. నాలుగేళ్ల బిడ్డకు టికెట్ అక్కర్లేదు. పెద్దవాడికి స్లీపర్‌లో బెర్తు అడగకపోతే సగం చార్జీ. రైళ్లకు 2,500, రెండు రాత్రుల గదికి 3,000, తిండికి 2,700, ఆటోలు, సిటీ బస్సులకు 1,800, ప్రవేశ టికెట్లకు 1,500 పెట్టుకోండి. మొత్తం 11,500. మిగిలిన 3,500 బొమ్మలకూ చీరలకూ కాదు, దారిలో అవసరానికి.

చీటీ: ఒక ప్రయాణం కోసం 80,000 చీటీని తగ్గించి పాడుకుంటే వేలల్లో నష్టం. చివరిదాకా ఉంచి, వచ్చింది నిధిలో వేయండి. బంగారం: యాప్ కన్నా వడ్డీ తక్కువే, కానీ నిధి నిండేదాకా మీ ఇంటికి ఆపదలో ఉన్న ఆసరా అదొక్కటే. ఆరోగ్య బీమా: మీ జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తించదు. నలుగురికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ ఈ ఏడాదే తీసుకోండి, ప్రీమియం మీద ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు.

ఈ జవాబు చేరేలోపే ఆ 30,000 ఖాతాలో పడి ఉంటే ముట్టుకోకండి. ఒప్పందంలో 'కూలింగ్ ఆఫ్' (అప్పు వద్దనుకుని వెనక్కి కట్టేసే) గడువు ఎంతో చూడండి, కనీసం ఒక రోజైనా ఉండాలి. ఆలోపు అసలూ, అప్పటిదాకా అయిన రోజుల వడ్డీ కట్టేస్తే ముందే తీర్చినందుకు జరిమానా ఉండదు. కట్టాక బాకీ లేదన్న పత్రం తీసుకుని, యాప్‌కు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతిని బ్యాంకులో రద్దు చేయించండి.