ప్రతివాది ఇండియాలో, అతనికి రావలసిన డబ్బు గ్లాస్గోలో: ఇక్కడ దావా వేయవచ్చా?

మీకు బాకీ పడ్డ ఎగుమతిదారుకు స్కాట్లండ్‌లో ఆఫీసు లేదు, కానీ గ్లాస్గోలో ఒక దుకాణం అతనికి సరుకు డబ్బు ఇవ్వాలి. దాని ఆధారంగా ఇక్కడే దావా వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చు. నేను వేశాను, గెలిచాను కూడా. కానీ చేతికి ఏమీ రాలేదు. ఎందుకో చెబుతాను.

గుంటూరు నుంచి మిరప పొడి పంపే ఒక వ్యాపారి సరుకును ఇక్కడి దుకాణాలకు చేరవేసేవాణ్ని. రవాణా ఖర్చుల కింద నాకు దాదాపు 11,000 పౌండ్లు రావాలి. ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయాక న్యాయవాది దగ్గరికి వెళ్లాను. 1982 నాటి సివిల్ జ్యూరిస్‌డిక్షన్ అండ్ జడ్జ్‌మెంట్స్ చట్టం ఎనిమిదో షెడ్యూలు ప్రకారం, ప్రతివాది నివాసం యునైటెడ్ కింగ్‌డమ్‌లో లేకపోతే, అతని చరాస్తిని ‘అరెస్ట్’ చేసిన (అంటే అది ఎవరి చేతిలో ఉందో వారికి కాగితం ఇచ్చి చట్టప్రకారం పట్టుకున్న) చోటి కోర్టుకు విచారణాధికారం వస్తుందని ఆయన చెప్పారు. ఇతరుల నుంచి అతనికి రావలసిన బాకీ కూడా చరాస్తే. నెదర్లాండ్స్ న్యాయం నుంచి స్కాట్లండ్ తెచ్చుకున్న పాత పద్ధతి ఇది.

కోర్టు కాగితాలు అందించే అధికారి, షెరిఫ్ ఆఫీసర్, కాగితం తీసుకుని వెళ్లిన రోజు దుకాణం పెద్దాయన నాకు ఫోను చేశారు. కాగితం మీద ‘అరెస్ట్‌మెంట్’ అన్న మాట చూసి, తననే పట్టుకుపోతారేమోనని ఆయన గొంతు వణికింది. అరెస్ట్ చేసింది మనిషిని కాదు, ఆయన ఆ వ్యాపారికి ఇవ్వవలసిన బాకీనని నచ్చజెప్పడానికి అరగంట పట్టింది.

ఇక అసలు విషయం. విచారణాధికారం కోసం చేసే ఈ అరెస్ట్‌మెంట్‌తో కోర్టుకు కేసు వినే హక్కు మాత్రమే వస్తుంది. డబ్బు కదలకుండా ఆగదు. దాన్ని ఆపాలంటే దావా నడుస్తుండగా అమలయ్యే రెండో అరెస్ట్‌మెంట్‌కు విడిగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. ప్రతివాది దివాలా తీసే ప్రమాదమో, ఆస్తిని దాటించేసే ప్రమాదమో నిజంగా ఉందని అప్పుడు కోర్టుకు చూపించాలి. నేను ఖర్చుకు వెనకాడి దాన్ని వాయిదా వేశాను. తర్వాతి వారమే పెద్దాయన ఆ వ్యాపారికి మొత్తం డబ్బు పంపేశారు. చట్టం ప్రకారం అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

2015 సెప్టెంబరు నుంచి 1,00,000 పౌండ్లు దాటని డబ్బు దావాలు స్కాట్లండ్‌లో కింది కోర్టు అయిన షెరిఫ్ కోర్టులోనే వేయాలి. అక్కడ వచ్చే డిక్రీని ఇండియాలో అమలు చేయించుకోవచ్చనే ఆశ పెట్టుకోకండి. ఇండియా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద అక్కడ నేరుగా అమలయ్యేవి స్కాట్లండ్ పై కోర్టు అయిన కోర్ట్ ఆఫ్ సెషన్ డిక్రీలు, షెరిఫ్ కోర్టువి కావు. పైగా విదేశీ కోర్టుకు అసలు అధికారం ఉందా అని సెక్షన్ 13 కింద చూస్తారు. ఒక దుకాణం బాకీని పట్టుకుని సంపాదించిన అధికారాన్ని అక్కడ ఒప్పుకుంటారని నేనైతే నమ్మను. కాబట్టి మీకు దొరికేది గ్లాస్గోలో ఉన్న ఆ డబ్బే.

ముందుగా మీ ఒప్పందం తీసి చూడండి. వివాదాలన్నీ ఫలానా కోర్టులోనే అని రాసి ఉంటే ఈ దారి మూసుకుపోవచ్చు. అలాంటిదేమీ లేకపోతే రెండు అరెస్ట్‌మెంట్లూ ఒకేసారి అడగమని న్యాయవాదికి చెప్పండి. దుకాణదారు ఎప్పుడు చెల్లించబోతున్నాడో ఈ రోజే కనుక్కోండి. కాగితం అందే సమయానికి బాకీ తీరిపోయి ఉంటే అరెస్ట్ చేయడానికి ఏమీ మిగలదు.