వీడియో ఆర్ట్ మొదలుపెట్టడానికి లక్ష రూపాయల కెమెరా కావాలా?

బొబ్బిలి నుంచి అడిగిన తమ్ముడూ, డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను, వీడియో ఆర్ట్ (టీవీ, వీడియోలతో చేసే కళ) చెయ్యాలనుంది, కెమెరా కోసం లక్ష అప్పు చెయ్యనా అన్నావు. వద్దు.

విజయనగరం గంటస్తంభం దగ్గర మా నాన్నకి టీవీ రిపేరు షాపు ఉండేది. ఎనిమిదో తరగతిలో ఉండగా పాడైన స్పీకర్ అయస్కాంతం ఊడదీసి, ఎవరిదో కలర్ టీవీకి ఆనించాను. వార్తలు చదువుతున్నావిడ ముఖం పక్కకి సాగిపోయి, సగం పచ్చ, సగం వంకాయ రంగు అయిపోయింది. అయస్కాంతం తీసేసినా మచ్చ పోలేదు. నాన్న డీగాసింగ్ కాయిల్ (తెరకి పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగచుట్ట) తెచ్చి, తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి జరిగితే గానీ రంగులు కుదుటపడలేదు. నాకు ఒకటే టెన్షన్. అయినా ఆ బొమ్మ ఎంత బాగుందో!

చాలా ఏళ్లకి, వీడియో ఆర్ట్‌కి ఆద్యుడనిపించుకున్న నామ్ జూన్ పైక్ 1965లో చేసిన 'మాగ్నెట్ టీవీ' ఫొటో చూశాను. బ్లాక్ అండ్ వైట్ టీవీ నెత్తిన పెద్ద అయస్కాంతం. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల ధారని అయస్కాంతం వంచేస్తుంది, దాంతో బొమ్మ మెలికలు తిరుగుతుంది. నేను పొరపాటున చేసింది ఆయన కావాలని చేశాడు.

ఆయన చదివింది సంగీతం. 1932లో సియోల్‌లో పుట్టి, కొరియా యుద్ధంతో కుటుంబం ఊరొదిలితే టోక్యోలో చదువుకుని, అక్కణ్ణుంచి జర్మనీ వెళ్లాడు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పెరిగినవాణ్ణి కదా, ఈ సంగతి నాకు మరీ నచ్చుతుంది. పియానో లోపల చెయ్యిపెట్టి దాన్ని మార్చినట్టే టీవీ లోపలా చెయ్యిపెట్టాడు. 1963లో జర్మనీలోని వుపర్టాల్‌లో అలా మార్చిన టీవీలతోనే ప్రదర్శన పెట్టాడు. తర్వాత షుయా అబే అనే ఇంజనీరుతో కలిసి వీడియో సింథసైజర్, అంటే వీడియో బొమ్మల రంగులూ ఆకారాలూ మార్చే యంత్రం, తయారుచేశాడు. అందుకే నీ ఎలక్ట్రానిక్స్ చదువు వదలొద్దంటాను.

1974 నాటి ఆయన 'టీవీ బుద్ధ' తప్పకుండా చూడు. బుద్ధ విగ్రహం, ఎదురుగా టీవీ, ఒక కెమెరా. బుద్ధుడు తెరలో తననే చూసుకుంటూ కూర్చుంటాడు, అంతే. శ్రీకాకుళం జిల్లాలో బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం వెళ్లినప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

ఇటలీలో జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో ఆయనకి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది 1993లో, ఆ వుపర్టాల్ ప్రదర్శన తర్వాత 30 ఏళ్లకి. ఇంట్లోవాళ్లకి ఈ లెక్క ముందే చెప్పు.

ఇప్పటికి పాత ఇనుప సామాను కొట్లో ఓ డబ్బా టీవీ వెతుక్కో, నీ ఫోన్ కెమెరా చాలు. వెనక మూత మాత్రం ఒంటరిగా విప్పకు, ప్లగ్ పీకేసినా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. నాన్న కాయిల్ నా దగ్గరే ఉంది, విజయనగరం వస్తే వాడి చూపిస్తాను.