వూస్టర్‌షైర్ రెగ్యులేటరీ సర్వీసెస్ అంటే కౌన్సిలేనా?

ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో ఇంట్లోనే ఇడ్లీ, దోసెలు చేసి అమ్ముదామనుకుంటే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) వాళ్లు ఈ పేరు చెప్పారని, ఇదేమిటని అడిగారు. టెన్షన్ వద్దు, ఇదీ కౌన్సిల్‌దే. ఎవరికి వారు సిబ్బందిని పెట్టుకునే బదులు, జిల్లాలోని ఆరు కౌన్సిళ్లు కలిసి నడుపుకుంటున్న ఉమ్మడి విభాగం. 2010లో మొదలైంది. ట్యాక్సీ, మద్యం లైసెన్సులు, పక్కింటి చప్పుళ్ల మీద ఫిర్యాదులు, గాలి కాలుష్యం అన్నీ వీళ్లే చూస్తారు.

మీకు కావాల్సింది ఫుడ్ రిజిస్ట్రేషన్. మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందే చేసుకోవాలి, ఫీజు లేదు. తర్వాత అధికారి వచ్చి వంటగది చూసి శుభ్రతకు 0 నుంచి 5 వరకు రేటింగ్ ఇస్తారు. వేల్స్‌లోలా ఆ రేటింగ్ స్టిక్కర్ అతికించాలన్న నిబంధన ఇంగ్లండ్‌లో లేదు. అయినా 5 వచ్చినవాళ్లు అతికించకుండా ఉంటారా!