మ్యాక్ భక్తులు, విండోస్ భక్తులు

ప్రశ్న: మ్యాక్ తప్ప మరోటి కంప్యూటరే కాదంటాడు మా అన్నయ్య. నేను విండోస్ వదలను. ఇదేమన్నా మతమా? అటు మారాలంటే ఏం చూసుకోవాలి?

జవాబు: మతం భాషను తెచ్చింది కంపెనీలే. మ్యాకింటాష్ వచ్చిన 1984 నాటికే, దానికి సాఫ్ట్‌వేర్ రాయమని బయటివాళ్లను ఒప్పించే గై కవాసాకి వంటి ఉద్యోగులను యాపిల్ ‘ఎవాంజలిస్టు’లంది, అంటే మత ప్రచారకులని. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ అయితే తాను రాసిన ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ పేరిట ఉత్తుత్తి చర్చి పెట్టి, అంగీ తొడిగి, పాత డిస్కు పళ్లేన్ని తలకు పెట్టుకుని సెయింటునన్నాడు. ఆయనది వేళాకోళం. మీ అన్నయ్యది కాదేమో!

అసలు పట్టు ఫైళ్లది. డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు (ఫార్మాట్లు) వేరువేరు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ డిస్కును మ్యాక్ చదువుతుంది కానీ, దానంతటది అందులో రాయలేదు. పాత ఫార్మాటైన ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. రెండింటికీ పనికొచ్చేది ఎక్స్‌ఫ్యాట్. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నలింగ్, అంటే చేయబోయే మార్పులను ముందే నమోదు చేసుకునే ఏర్పాటు, లేదు. ఎజెక్ట్ కొట్టకుండా పీకితే ఫోల్డర్లే పాడవచ్చు.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) పని ఉంటే ఇంకా జాగ్రత్త. అందుకు వాడే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఇప్పటి మ్యాక్‌లలో నడవదు. ‘అను’ తెలుగు ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షర సంకేతాలు) కాదు, ఆ ఫాంటు లేనిచోట తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తాయి. పాత ఫైళ్లను విండోస్‌లో ఉండగానే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసి, పీడీఎఫ్ కూడా తీసిపెట్టుకోండి. కంట్రోల్+సీ స్థానంలో కమాండ్+సీ రావడం చిన్న విషయం, వేళ్లు అలవాటు పడతాయి.