రావాలనుకుంటే రమ్మన్నారు

బిడ్డా,

నువ్వు అమెరికా కాలేజీలకు అప్లై చేస్తున్నావని మీ అమ్మ చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. ఆఖర్లో ఇంకోమాట అన్నది: "ఇంటర్వ్యూ తప్పనిసరి కాదట అన్నా, వద్దంటున్నది." అందుకే ఈ ఉత్తరం.

నువ్వన్నది నిజమే. హార్వర్డ్, యేల్ లాంటి చోట్లకు ఇంటర్వ్యూ చేసేది ఎక్కువగా అక్కడ చదివిన పాత విద్యార్థులు. ఎవరూ దొరక్క నీకు పిలుపు రాకపోతే నష్టమేమీ లేదు. కొలంబియా ఆ పద్ధతే మానేసింది. మార్కులు, వ్యాసాలు, టీచర్ల ఉత్తరాల ముందు ఇంటర్వ్యూ బరువు తక్కువే. అయినా పిలిస్తే మాత్రం పో.

1983లో ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టాను. రావాలనుకుంటే వచ్చి మాట్లాడమని కార్డు వచ్చింది. మీ తాత ఆముదాలు అమ్మిన పైసల్లోంచి బస్సు కిరాయి తీసి నా జేబులో పెట్టాడు. దేవరకొండలో బస్సెక్కాను. చింతపల్లి దాటేదాకా ధైర్యంగానే ఉన్నాను. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. నాది తెలుగు మీడియం, కాళ్లకు స్లిప్పర్లు. మాల్ అనే ఊళ్లో బస్సు ఆగగానే దిగేశాను. ఎదురు బస్సు పట్టుకుని వెనక్కొచ్చాను.

"ఏమడిగిండ్రు బిడ్డా?" అన్నాడు మీ తాత. ప్రశ్నలు కల్పించి చెప్పాను, జవాబులు కూడా. ఒక్కోదానికీ తలూపుతూ విని, "మంచిగ చెప్పినవ్" అన్నాడు. సీటు రాలేదు. పోయుంటే వచ్చేదో లేదో ఇప్పటికీ తెలియదు. ఆయన పోయేదాకా నిజం చెప్పలేకపోయాను. నీకే మొదటిసారి చెబుతున్నా.

నువ్వు టైము లేక వద్దనడం లేదు, నాకు తెలుసు. మన యాస బయటపడుతుందని నీ భయం. బయటపడనీ, పిచ్చిదానా! తొమ్మిదో తరగతిలో మర్రిగూడలో ఇల్లిల్లూ తిరిగి, ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన ముసలివాళ్లను అడిగి నోట్‌బుక్ నింపావు. అది నాకు చెబుతూ అన్నం కూడా మరిచిపోయావు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మామూలుగా నీ మార్కులు, వ్యాసాలు పంపరు. నువ్వు చెబితేనే వాళ్లకు తెలిసేది. నాకు చెప్పినట్టే చెప్పు. తెలియనిది అడిగితే తెలియదను. నాలాగా కల్పించకు.

మిగతావి నీకు తెలిసినవే. ఆ కాలేజీ గురించి నువ్వడగాల్సినవి రెండు రాసిపెట్టుకో. తర్వాత థ్యాంక్స్ చెబుతూ మెయిల్ పెట్టు. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అయితే టైము ఎవరిదో మాత్రం రెండుసార్లు చూసుకో, చలికాలంలో న్యూయార్క్ మనకంటే పదిన్నర గంటలు వెనక. కరెంటు పోతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఆరోజు మా ఇంటికి రా, ఇన్వర్టర్ ఉంది. మీ అత్త టీవీ పెట్టకుండా నేను చూసుకుంటా.

నేను బయట అరుగు మీద కూర్చుంటాను. అయిపోగానే వచ్చి ఏమడిగారో ఒక్కొక్కటీ చెప్పు.

మీ మామ